ఒక్క నంబరు మీద రెండు పెళ్లిళ్లు

పోయిన కాలం తిరిగి రాదని చిన్నప్పుడు మా బడి పంతులు చెబితే నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. తల నెరిశాక ఆ సామెతనే పునాదిగా వేసి ఒక సాఫ్ట్‌వేర్ కట్టాను. ఇప్పుడే ఉద్యోగాల్లో చేరి, ఏసీ గదుల్లో కూర్చొని, సగం పని ముందే చేసిపెట్టే పనిముట్లతో ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలు మీరు. ఇది చదివితే నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం పట్టింపు లేదు. ఈ కథ ఎవరికి చెప్పినా సగంలో నాకే నవ్వు ఆగక చెంబెడు నీళ్లు తాగాల్సి వస్తుంది. కానీ జరిగిన రోజు పొద్దున నా నవ్వు నా మీదికే వచ్చింది, అది కూడా దాచకుండా చెబుతాను.

పోయిన ఏడాదే రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్లతోనే కాపురం. టైపు నేర్పే దుకాణంలో మొదలై, రైసుమిల్లులో చాలా కాలం గడిపి, చివరికి బాన్సువాడలో ఒక ఫంక్షన్ హాళ్ల కంపెనీలో తేలాను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. బాన్సువాడలో ఒక హాలు, పెద్ద కొడప్‌గల్‌లో ఒకటి, మద్నూర్‌లో ఒకటి, మహారాష్ట్ర పొలిమేరనున్న డోంగ్లిలో ఒకటి. నాలుగింటికీ ఒక్కడే సేటు. ఆయన ఉండేది నిజామాబాద్‌లో. నాలుగు హాళ్లకూ కలిపి కుర్చీలు, గంజులనే పెద్ద వంటగిన్నెలు, వంటవాళ్లు ఒకే జట్టు. ఎక్కడ పెళ్లి ఉంటే అక్కడికి లారీలో పోయేవి, మర్నాడు తిరిగొచ్చేవి. నాలుగు హాళ్ల బుకింగూ జరిగేది మాత్రం బాన్సువాడ హాలు ముందు గదిలో, ఒకే కౌంటర్ దగ్గర, ఒకే కంప్యూటర్ మీద.

ఆ కౌంటర్‌లో ఒక అక్క ఉండేది. నాకంటే చిన్నదే. కానీ ఊరంతా అక్క అంటుంటే నేనూ అక్క అనే పిలిచేవాణ్ణి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకునేది. వచ్చినవాళ్లకు ముందు నీళ్లిచ్చి, తర్వాత సంబంధం ఎక్కడిదో అడిగి, పిల్ల ఏం చదివిందో కనుక్కొని, అన్నీ అయ్యాక తేదీ అడిగేది. నేను రాకముందు ఇరవై ఏళ్లు ఒక పొడుగాటి రిజిస్టర్‌లోనే పెళ్లిళ్లన్నీ నడిపింది. ఒక్క పెళ్లి కూడా తప్పిపోలేదని ఆమె చెప్పేది. నేను దాన్ని చాదస్తం కింద కట్టేశాను.

సేటుకు నిజామాబాద్‌లో కూర్చొని ఫోన్‌లో బుకింగులు చూసుకోవాలని కోరిక పుట్టింది. నన్ను ప్రోగ్రామ్ రాయమన్నాడు. రాశాను. ఇక్కడ కాస్త సాంకేతికం ఓర్చుకోండి, రెండు నిమిషాలే. డేటాబేస్‌లో ప్రతి బుకింగ్‌కూ తనదంటూ ఒక నంబరు ఉండాలి. మీరు ప్రైమరీ కీ అంటారు. ఆ నంబరు ఇంకే బుకింగ్‌కూ ఉండకూడదు, అదొక్కటే రూలు. ఒకటి, రెండు, మూడు అని వరసగా ఇచ్చుకుంటూ పోవచ్చు కదా అంటారేమో. రైసుమిల్లులో అలాగే ఇచ్చాను. ఎక్కడిదాకా వచ్చామో ఆ లెక్కను ఒక చిన్న ఫైల్లో దాచాను. ఒకరోజు ఆ ఫైలు చెడిపోయింది. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ఒకే నంబరుతో రెండేసి ధాన్యం లారీలు గేటు ముందు నిలబడి హారన్లు కొట్టాయి. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక జన్మలో వరస లెక్కను నమ్మనని.

అందుకని ఫంక్షన్ హాళ్ల ప్రోగ్రామ్‌లో కాలాన్ని నమ్మాను. పది అంకెల నంబరు. ఏడాదికి రెండంకెలు, నెలకు రెండు, తేదీకి రెండు, గంటకు రెండు, ఆ గంటలో ఎన్నో బుకింగో దానికి రెండు. గంట మారిన ప్రతిసారీ చివరి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. పోయిన గంట తిరిగి రాదు కాబట్టి పోయిన నంబరు కూడా తిరిగి రాదు. ఎంత చక్కటి ఆలోచన. రాసుకున్న సాయంత్రం నన్ను నేనే భుజం తట్టుకున్నాను. అంత పొడుగు నంబరు చూసి సేటు కూడా మురిసిపోయాడు.

ఇంకో తెలివి కూడా చేశాను. పెళ్లివాళ్లు ఊరికే ఉండరు. ఇవాళ బుక్ చేసి, రేపొచ్చి కూర మార్చమంటారు, ఎల్లుండి వచ్చి మేనమామ ఒప్పుకోలేదు తేదీ మార్చమంటారు. అందుకని ఉన్న నంబరే మళ్లీ వస్తే, అది దిద్దుబాటు అనుకొని పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. అడగదు, అరవదు, మర్యాదగా మార్చేసి ఊరుకుంటుంది. ఈ రెండు తెలివితేటలూ విడివిడిగా బంగారమే. కలిశాకే కొంప ముంచాయి.

మూడో తెలివి కూడా ఒకటుంది. ఒప్పుకుంటే సగం పాపం పోతుంది. రసీదు మీద బుక్ అయిన సమయం కూడా పడేలా చేశాను. ఎవరూ అడగలేదు. బాగుంటుందని పెట్టాను, అంతే.

దాంతో శుక్రవారాలు గందరగోళం మొదలైంది. శుక్రవారం మంచిరోజని జనం పొద్దున్నే బస్సులు దిగి వచ్చేవాళ్లు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. రిజిస్టర్ కాలంలో ఎవరికీ ఇబ్బంది లేదు, పుస్తకంలో టైము రాసేదెవరు? ఇప్పుడేమో రసీదు మీద పదకొండూ పది అని అచ్చుపడుతోంది. పెళ్లి హాలు రాహుకాలంలో బుక్ చేశారని రేపు వియ్యపురాలు రసీదు పట్టుకొని ఎత్తిపొడిస్తే? అందుకని ఎవరూ రసీదు ముట్టేవాళ్లు కాదు. బెంచీల మీద కూర్చొని పన్నెండు కోసం ఎదురుచూసేవాళ్లు. కొందరు చాయ్ తాగొస్తామని వెళ్లి ఎదురు హాల్లో బుక్ చేసుకునేవాళ్లు. శుక్రవారం బుకింగులు తగ్గుతున్నాయేమని సేటు ఫోన్ చేసి అక్కను కోప్పడేవాడు.

అక్క నా దగ్గరికొచ్చి, ఆ టైము ముద్ర తీసెయ్యమని మంచిగానే అడిగింది. అది సిస్టమ్ అక్కా, మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు అన్నాను. నేను పెట్టిందే, నేను తీయొచ్చు. అయినా అలా అన్నాను. కంప్యూటర్ తెలిసినవాడికి ఆ రోజుల్లో ఆ మాట అనడంలో ఒక సుఖం ఉండేది, ఇప్పుడు కూడా ఉందనుకుంటాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని తన సీటుకు పోయింది.

తర్వాత వారాల్లో శుక్రవారం గొడవ దానంతటదే సర్దుకుంది. బెంచీలు ఖాళీ అయ్యాయి. బుకింగులు పెరిగాయి. జనం అలవాటు పడ్డారనుకున్నాను, నా సిస్టమ్ గెలిచిందనుకున్నాను. రెండు నెలలు ఆ గర్వంతోనే తిరిగాను.

ఇక అసలు రోజు. పెళ్లిళ్ల సీజన్ నడిమధ్య. ఆ రోజు పెద్ద కొడప్‌గల్ హాల్లో ఒక పటేల్ గారి చిన్నకొడుకు పెళ్లి. వరి, చెరకు పండించే పెద్ద ఇల్లు. వెయ్యి మందికి పైగా భోజనాలని కుర్చీలన్నీ, గంజులన్నీ, వంటవాళ్లందరూ ముందురోజే లారీలో అక్కడికి పోయారు. బాన్సువాడ హాల్లో ఆ రోజు ఏమీ లేదని కంప్యూటర్ చెప్పింది కాబట్టి, సేటు సున్నం వేయించడానికి డోంగ్లి నుంచి ఇద్దరు మనుషులను పంపాడు. నేను ఎనిమిదింటికి వచ్చేసరికి హాలంతా ఖాళీగా, తడిగా, తెల్లగా ఉంది. నిచ్చెన మీదున్నతను మరాఠీలో పాట పాడుకుంటున్నాడు.

అప్పుడు హాలు ముందు ఒక ఆటో ఆగింది. ఒక తల్లి దిగింది. వెనకే ఇద్దరు ఆడవాళ్లు పూల బుట్టలతో, చుట్టిన తెల్లటి పరదాతో దిగారు. తర్వాత తెలిసింది, ఆమె నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. కూతురు ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఆ రోజే ఆ కూతురి పెళ్లి. పదకొండింటికి చర్చిలో పెళ్లి, ఒంటిగంటకు మా హాల్లో మూడు వందల మందికి భోజనం. బియ్యం, కోళ్లు, కూరగాయలు అన్నీ వాళ్లే తెచ్చుకుంటున్నారు. హాలు, కుర్చీలు, గంజులు, వంటవాళ్లు మావి. ఆమె గుమ్మంలో నిలబడి తడి గోడలను చూసింది, ఖాళీ నేలను చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది.

రసీదు చేతికిచ్చింది. నేను నంబరు కొట్టాను. తెర మీద పటేల్ పేరు, పెద్ద కొడప్‌గల్ హాలు వచ్చాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ పటేలే వచ్చాడు. రసీదు మీద మాత్రం ఆమె పేరు, మా హాలు, ఇవాళ్టి తేదీ. ఇలాంటప్పుడు మనిషన్నవాడు మనిషిని నమ్మాలి. నేను తెరను నమ్మాను.

"అమ్మా, ఈ నంబరు మీది కాదు. వేరేవాళ్లది" అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "నాకు సదువు రాదు సార్. గని నా బిడ్డ పెండ్లి ఎన్నడో నాకు ఎరుక లేదా? గీ కాయితం మీరే ఇచ్చిండ్రు. నేను నంబరు కొనుక్కరాలే కదా" అంది.

అప్పుడే అక్క ఆఫీసుకు వచ్చింది. తల్లిని చూడగానే గుర్తుపట్టింది. హాలు బుక్ చేయడానికి ఒక శుక్రవారం పొద్దున వచ్చిందని, పొలం నుంచి నేరుగా రావడంతో అప్పుడు చేతులకు మట్టి కూడా ఉండిందని చెప్పింది. తెరను చూసింది, రసీదును చూసింది, దాని మీద పదీ పది అని పడిన టైమును చూసింది. నన్ను రెక్క పట్టుకొని కౌంటర్ వెనక్కి లాక్కుపోయింది.

"అన్నా, నువ్వు తిట్టినా మంచిదే, ఒకటి చెప్తా. శుక్రవారం రాహుకాలంల ఎవలన్న వస్తే నేను గడియారం ఎనక్కి తిప్పుతున్న. రసీదు మీద మంచి టైం పడ్డంక మళ్ల ముందుకు తిప్పుతున్న. ఆ దినం పటేలు పదకొండింటికి వచ్చిండు. పది గంటలు చేసి ఇచ్చిన."

ఎవరూ నేర్పలేదట. తెర మూల గడియారం కనబడుతుంటే దాని మీద నొక్కి చూసిందట, తిరిగిందట. తల్లి వచ్చింది నిజంగా పది గంటల వేళ. ఆ గంటలో మొదటి బుకింగ్ ఆమెది. తర్వాత పదకొండైంది, లెక్క మళ్లీ ఒకటికి వచ్చింది. అక్క వేలితో పోయిన గంటను వెనక్కి తెచ్చింది. గంట మారింది కాబట్టి నా ప్రోగ్రామ్ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అదే తేదీ, అదే పది, అదే ఒకటి. నంబరు ముందే ఉంది కదా, దిద్దుబాటు కాబోలని మర్యాదగా కూతురి పెళ్లిని తీసేసి కొడుకు పెళ్లిని పెట్టేసింది. ప్రపంచంలో ఎక్కడా తిరిగి రాని కాలం బాన్సువాడలో శుక్రవారం శుక్రవారం తిరిగి వస్తోంది. వచ్చి నా సీట్లోనే కూర్చుంటోంది.

నాకు నవ్వొచ్చింది. ఏం చేయను, వచ్చింది. భయం, సిగ్గు, ఆశ్చర్యం అన్నీ కలిసి కడుపులోంచి తన్నుకొచ్చాయి. కౌంటర్ పట్టుకొని వంగి నవ్వాను. తలెత్తేసరికి ఆ తల్లి నన్నే చూస్తోంది.

"నవ్వుతున్నవా సార్" అంది.

ఆ ఒక్క మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను. ప్రోగ్రాముల్లో చేసినవన్నీ దిద్దుకున్నాను. ఆ నవ్వును మాత్రం ఎలా దిద్దాలో తెలియదు. ఆమె ముందుకు వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను. తప్పు మీది కాదమ్మా, నాది, ఒంటిగంటకు మీ పెళ్లి భోజనం ఇక్కడే అవుతుంది అన్నాను. ఎలా అవుతుందో ఆ క్షణంలో నాకు తెలిస్తే ఒట్టు.

దారి ఒక్కటే. పెద్ద కొడప్‌గల్ పోయి సామాను సగం వెనక్కి తేవాలి. కానీ అక్కడ పటేల్ ముహూర్తం మనిషి. సామాను ఎందుకు అడుగుతున్నామో చెప్పాలంటే నంబరు సంగతి చెప్పాలి. నంబరు సంగతి చెప్పాలంటే, అయ్యా, మీ కొడుకు పెళ్లికి హాలు బుక్ అయింది అచ్చమైన రాహుకాలంలో అని పెళ్లి పందిట్లో నిలబడి చెప్పాలి. సామాను దేవుడెరుగు, ప్రాణాలతో రావడమే ఎక్కువ. అబద్ధమాడదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. తిప్పింది తనే కాబట్టి తనే చెబుతానంది, పని పోతే పోనీ అంది.

నా స్కూటర్ మీద బయల్దేరాం. నాకు యాభై ఏడు, ఆమెకు యాభై రెండు. పెద్ద రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లను దాటుకుంటూ, లారీలకు పక్కకు తప్పుకుంటూ, పెళ్లీడు పిల్లల్లా ఎగిరిపోయాం. ఆమె వెనక నుంచి నిమిషానికోసారి టైమెంతైందని అడిగింది. అక్కా, నువ్వే చెప్పాలి, గడియారాలు నీ చేతిలోనే ఉన్నాయి కదా అన్నాను. వీపు మీద ఒక్కటి పడింది. ఆ దెబ్బతో ఇద్దరికీ మళ్లీ నవ్వు. మమ్మల్ని చూసినవాళ్లు ఏమనుకున్నారో ఏమో.

పెద్ద కొడప్‌గల్ హాల్లో ముహూర్తానికి ఇంకా అరగంట ఉంది. పటేల్ తెల్లటి పంచెలో, గేటు దగ్గరే, వచ్చినవాళ్లకు దండాలు పెడుతున్నాడు. అక్క నేరుగా ఆయన ముందు నిలబడింది. గడియారం, నంబరు, తల్లి, సున్నం గోడలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నేను ఆమె వెనక నిలబడి గేటు ఎంత దూరముందో కొలుచుకుంటున్నాను.

పటేల్ అంతా విన్నాడు. చుట్టూ చూశాడు. మమ్మల్ని ఇద్దరినీ గోడ పక్కకు తీసుకుపోయి ఎడమచేయి ముందుకు చాపాడు. దానికి ఇంత లావు గడియారం ఉంది.

"నాకు ఎరుకలేదా అక్కా, నువ్వు తిప్పిన దినమే చూసిన. రాహుకాలం గీహుకాలం నాకేంది, ఎండల వాన, వానల ఎండ చూసినోన్ని. అది మా ఇంటామెకు. రసీదు మీద టైం సూడంది ఆమె నిద్రపోదు. జర మెల్లగ మాట్లాడు, గా పందిట్లనే ఉన్నది."

మా ముగ్గురికీ గొంతులు పడిపోయాయి. ఆ క్షణం నుంచి పెళ్లి జరిగినంతసేపూ దొంగల్లా సైగలతోనే నడిపాం. పటేల్ తన బంధువులను జంపఖానాల మీద కూర్చోమన్నాడు, మన తాతలు కుర్చీల మీద కూర్చున్నరా అని దబాయించాడు. సగం కుర్చీలు లారీ ఎక్కాయి. ఇద్దరు వంటపెద్దల్లో ఒకణ్ణి పొమ్మన్నాడు. అతను గొణిగాడు. పేదింటి పెండ్లి ఆగితే పాపం నీకు నాకు సగం సగం అన్నాడు పటేల్. అతను గరిటె చంకన పెట్టుకొని లారీ ఎక్కాడు. పటేల్ భార్య దూరం నుంచి కుర్చీలు ఎటు పోతున్నాయని అడిగించింది. కాళ్లు విరిగినవి మార్చుకొస్తున్నామని కబురు పంపాడు. తలంబ్రాలు పడీపడగానే బాజావాళ్లు కూడా ఎవరూ పిలవకుండానే లారీ ఎక్కేశారు. ఎందుకయ్యా అంటే, ఇక్కడ తిన్నాం, అక్కడ కూడా పెడతరు కదా అన్నారు.

మేం వచ్చేసరికి పదకొండు దాటింది. తల్లి చర్చికి పోయింది, కానీ ఊరికే పోలేదు. నాట్ల గుంపు ఆడవాళ్లను పిలిపించి నేలంతా కడిగించి పోయింది. వాళ్లు చీరలు ఎగ్గట్టి, మడిలో నిలబడినట్టే వరసగా నిలబడి నేల తుడుస్తున్నారు. వెనుక పెరట్లో పొయ్యిలు అంటుకున్నాయి. కుర్చీలు దిగాయి. అన్నీ కుదిరాయి, గోడలు తప్ప. అవి ఆరలేదు.

ఒంటిగంటకు పెళ్లివారు చర్చి నుంచి నడిచొచ్చారు. పిలవని బాజాలు గేటు దగ్గర మొదలయ్యాయి. పెళ్లికూతురు ఆశ్చర్యపోయి తల్లి వంక చూసింది. తల్లి నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. డోంగ్లి మనిషి నిచ్చెన మీది నుంచి మరాఠీలో, గోడ తడిగా ఉంది, ఆనుకోవద్దు అని మొత్తుకుంటూనే ఉన్నాడు. మూడు వందల మంది ఉన్న హాల్లో గోడను ఎవరు వదిలిపెడతారు? గంటలో అందరి భుజాలూ తెల్లగా అయిపోయాయి. పెళ్లికొడుకు నల్ల కోటు వీపంతా సున్నమే. పెళ్లికూతురిది తెల్లచీర, ఆమెకు ఎంత అంటినా ఎవరికీ కనబడలేదు. కోడికూర బాగా కుదిరింది. పటేల్ ఇంటి పెళ్లి అయ్యాక సాయంత్రం నాలుగింటికి ఆయనే జీపులో వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక ముక్క తిని, పిల్లను దీవించి, భుజానికి తనవంతు సున్నం అంటించుకొని పోయాడు.

ఈ లోపల సేటు ఫోన్ వచ్చింది. అసలు ఎవరు చేసిన పని ఇది అన్నాడు. అక్క నా ఎదురుగానే ఉంది. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. నంబరు పుట్టించే పద్ధతే తప్పు, రాసింది నేను అన్నాను. అక్కను కాపాడడానికి చెప్పిన అబద్ధం కాదది. గడియారం ఉన్నదే తిప్పుకోవడానికి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తిప్పుతారు. తిప్పితే కూలిపోయేది కట్టినవాడిది తప్పు, తిప్పినవాడిది కాదు. పైగా ఆమె మంచిగా అడిగింది, నేనే సిస్టమ్ అన్నాను. సేటు ఉర్దూలో నా చదువును, నా కంప్యూటర్‌ను, నన్నూ దాన్నీ కలిపిన రోజును తిట్టాడు. అన్నీ న్యాయమైన తిట్లే.

అందరూ తింటుంటే నేను కౌంటర్‌లో కూర్చొని ప్రోగ్రామ్ మార్చాను. మళ్లీ వరస లెక్కే. ఒకటి, రెండు, మూడు. కాకపోతే ఈసారి లెక్కను పక్క ఫైల్లో పెట్టలేదు, బుకింగులున్న డేటాబేస్‌నే ఇవ్వమన్నాను. ముందుకు తప్ప వెనక్కి పోవడం దానికి రాదు, గడియారంతో దానికి చుట్టరికం లేదు. ఉన్న నంబరు మళ్లీ వస్తే మర్యాదగా మార్చకుండా గట్టిగా అరవమన్నాను. రసీదు మీద టైము ముద్ర పీకేశాను. అక్క పక్కన కూర్చొని, ఏ శుక్రవారం ఎవరికోసం గంట తిప్పిందో జ్ఞాపకం తెచ్చుకుని చెప్పింది. ఇంకో మూడు పెళ్లిళ్లను కూడా ప్రోగ్రామ్ అలాగే మింగేసిందని తేలింది. వాటి తేదీలు ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయాం.

అయిదింటికి హాలు పలచబడింది. నేను నీళ్లు తాగుతుంటే తల్లి కూతురిని వెంటబెట్టుకొని కౌంటర్ దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమో అనుకున్నాను. పొద్దుటి రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

"నాది నాకియ్యి సార్" అంది.

పెళ్లి అయిపోయింది కదమ్మా, ఇప్పుడు రసీదెందుకు అన్నాను.

"పొద్దుగాల నువ్వే అంటివి, గీ నంబరు నీది కాదని. అందరి ముందటనే అంటివి. నాదేదో నాకియ్యి. పెట్టెల పెట్టుకుంటా."

ఆమె బుకింగ్‌ను కొత్తగా ఎక్కించాను. మారిన ప్రోగ్రామ్‌లో మొదటి బుకింగ్ అదే. రసీదు అచ్చుపడింది. చేతికిచ్చాను. ఆమె కూతురి చేతికిచ్చి చదవమంది. కూతురు చదివింది, పేరు, తేదీ, హాలు, నంబరు ఒకటి.

తల్లి ముఖం మారిపోయింది. "ఒకటేనా? ఆ కాయితం మీద గింత పొడుగు నంబరు ఉండె. గిప్పుడు ఒక్కటిచ్చి పంపుతున్నవా?"

అమ్మా, ఒకటంటే అందరికంటే ముందు అని చెప్పాను. కూతురు నవ్వాపుకుంటూ చెప్పింది. అక్క చెప్పింది. ఆమె వినలేదు. పటేలుకు పొడుగు నంబరిచ్చి తనకు పొట్టిదా అన్నట్టు రసీదును బల్ల మీదే ఉంచి చేతులు కట్టుకుంది. పొద్దున నేను నవ్వినప్పుడు కూడా ఇంత కోపంగా చూడలేదు. నేను మళ్లీ కూర్చున్నాను. నంబరు పది అంకెలకు తగ్గకుండా, ముందు సున్నాలు పడేలా ఒక వరస మార్చి, ఇంకో రసీదు అచ్చేశాను. ఒకటికి ముందు తొమ్మిది సున్నాలు. ఆమె రెండు రసీదులూ పక్కపక్కన పెట్టి, వేలుతో అంకెలు ఒక్కొక్కటే తడిమి, పొడుగు సమానమేనని తేల్చుకుంది. కొత్తది మడిచి రవికలో పెట్టుకుంది. పాతది నాకు వదిలేసింది. పోతూ పోతూ, తినకుండ పోకు సార్, కూర ఇంక ఉన్నది అంది.

మొన్న ఆ కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. మంచి చదువు చదివింది, ప్రోగ్రామంతా కొత్తగా రాస్తోందట. నంబర్ల ముందు ఈ సున్నాలు ఎందుకున్నాయో ఎవరికీ తెలియట్లేదు సార్, ఏ పనికీ రావడం లేదు, తీసేద్దామా అని అడిగింది.

వద్దు తల్లీ, అవి మావి కావు, ఒకామెకు ఇచ్చేశాం అని చెప్పాను.